ఫేస్‌బుక్ రాతలకు మరో నకలు ఉంచుకోండి

సంపాదకులు గారికి,

ఊరి చరిత్రలు, పద్యాలు, పెళ్లి ఫొటోలు అన్నీ ఫేస్‌బుక్‌లోనే పెట్టి నిశ్చింతగా ఉంటున్నాం. కానీ ఇలాంటి వేదికలు ఎప్పుడైనా పోవచ్చు. 2004లో మొదలైన ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో, తెలుగులోనూ నడిచిన మన ‘కూ’ 2024లో వెళ్లిపోయాయి. మైస్పేస్ అయితే మూతపడకుండానే, సర్వర్లు మార్చేటప్పుడు 12 ఏళ్లలో జనం పెట్టిన పాటలు పోగొట్టింది!

ఫేస్‌బుక్ సెట్టింగుల్లో అకౌంట్స్ సెంటర్‌కు వెళ్తే మన సమాచారం దింపుకోవచ్చు. తేదీల దగ్గర మొత్తం కాలం, ఫొటోలకు హై క్వాలిటీ ఎంచుకోవాలి. లేకుంటే పాతవి రావు, వచ్చినవి మసకబారతాయి. చదువుకోవడానికి హెచ్‌టీఎంఎల్ (బ్రౌజర్‌లో తెరుచుకునే ఫైలు రూపం) మేలు. అన్నీ కలిపిన జిప్ ఫైలును దింపుకునే లింకు కొద్దిరోజులే పనిచేస్తుంది. గ్రూపుల్లో ఇతరులు రాసినవి మాత్రం ఆ జిప్ ఫైల్లో ఉండవు, అసలు చిక్కంతా అక్కడే. వాటిని వాళ్లనడిగి విడిగా కాపీ చేసుకోవాల్సిందే.

– ఒక పాఠకుడు, తెనాలి