అక్కను అడగండి, నన్ను కాదు

సంపాదకులకు నమస్కారం.

మా అక్కకు సెరిబ్రల్ పాల్సీ, అంటే మెదడు దెబ్బతినడం వల్ల కండరాలు సరిగా అదుపులో ఉండని స్థితి. మాట నెమ్మదిగా వస్తుంది, బుర్ర మాత్రం నాకంటే చురుకు. పోయిన నెల పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ కోసం ఒక ప్రైవేటు ఆస్పత్రికి వెళ్లాం. ఎదురుగా వీల్‌చెయిర్‌లో అక్క కూర్చుని ఉండగానే, "ఈవిడకు నొప్పి ఎక్కడ?" అని డాక్టరు గారు నన్నడిగారు. నర్సు అంగీకార పత్రం తెచ్చి నా చేతికే ఇచ్చింది. అక్క తన ఫోన్‌లో మూడు ప్రశ్నలు రాసుకొచ్చింది. కండరాల బిగువుకు వాడే మాత్ర ఆపరేషన్ రోజు వేసుకోవాలా అన్నది మొదటిది. ఫోన్ చాపిన చెయ్యి వణుకుతూ అలాగే ఉండిపోయింది. ఎవరూ అందుకోలేదు. చివరికి నేనే గట్టిగా చెబితే, పత్రం అక్క ముందు పెట్టారు. సంతకానికి రెండు నిమిషాలు పట్టింది. అంతే.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ ప్రకారం అందరితో సమానంగా వారికీ చట్టపరమైన నిర్ణయాధికారం ఉంది. తగిన సాయం అందించినా నిర్ణయం తీసుకోలేని పరిస్థితిలోనే, 14వ సెక్షన్ కింద పరిమిత సంరక్షకుణ్ణి నియమిస్తారు. ఆ సంరక్షకుడూ ఆ మనిషితో కలిసే నిర్ణయించాలి. చండీగఢ్‌కు చెందిన ఒక కేసులో, మానసిక వైకల్యం ఉన్న యువతికి ఆమె సమ్మతి లేకుండా గర్భస్రావం చేయకూడదని సుప్రీంకోర్టు 2009లోనే చెప్పింది.

వైద్య ఆరోగ్య శాఖ ఈ సెక్షన్లను తెలుగులో ప్రతి ఓపీ గది ముందు పెట్టించాలి. మాట్లాడ్డానికి టైమ్ పట్టే రోగులకు ఆ టైమ్ ఇవ్వాలని సిబ్బందికి నేర్పించాలి.

– ఒక చెల్లెలు, గుంటూరు