యుద్ధం ఆగిందని రాశారు, మరి మనుషుల సంగతి?

ఎడిటర్ గారికి నమస్కారం,

యుద్ధం వార్తలు మీ పేపర్లో రోజూ చదువుతూనే ఉన్నాను. ఎంతమంది పోయారు, ఎన్ని ఇళ్లు కూలిపోయాయి, ఎవరి సైన్యం ఎక్కడిదాకా వచ్చింది అన్నీ ఉంటాయి, కాల్పుల విరమణ అనగానే మాత్రం ఇక ఆ ఊరి పేరే కనబడదు. కానీ బతికి బయటపడ్డవాళ్లలో చాలామందికి అసలు కష్టం అక్కడ్నుంచే మొదలవుతుందండీ. రాత్రి నిద్ర పట్టదు, ఎవరైనా తలుపు గట్టిగా వేస్తే చాలు గుండె ఝల్లుమంటుంది, పదేళ్ల పిల్లాడు మళ్లీ పక్క తడుపుతుంటాడు, ఎప్పుడూ పల్లెత్తు మాట అనని తండ్రి చిన్నదానికే చెయ్యెత్తుతుంటాడు. ఇవి ఫొటోలో పడవు కదా, అందుకే పేపర్లోకి రావు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఒక లెక్క బయటపెట్టింది. యుద్ధాలు జరిగిన ప్రాంతాల్లో ఏ సమయంలో చూసినా దాదాపు 22 శాతం మంది, అంటే ఐదుగురిలో ఒకరు, డిప్రెషనో యాంగ్జైటీనో (అంటే వదలని ఆందోళన) పీటీఎస్‌డీనో (అంటే జరిగిన ఘోరం మనసులోంచి పోకుండా వెంటాడే సమస్య) లేకపోతే బైపోలార్, స్కిజోఫ్రీనియా లాంటి మానసిక జబ్బులో ఏదో ఒకదానితో బాధపడుతున్నారట. వాళ్లలో ఎక్కువమందిది కాస్త తక్కువ స్థాయి సమస్యే, మొత్తం జనంలో సుమారు 9 శాతానికి మాత్రం గట్టిగానే ఉంటుంది. ఈ అంకె వినగానే అందరూ అనేది ఒకటే, ఇంతమందికి సైకియాట్రిస్టుల్ని ఎక్కడ్నుంచి తెస్తాం అని. నేను ఈ ఉత్తరం రాయడానికి కారణమే ఆ మాట. డాక్టర్లు లేరు కాబట్టి ఏమీ చేయలేం అనుకోవడం తప్పు, ఎందుకంటే ఇందులో చాలావరకు డాక్టర్లు చేసే పనే కాదు.

ఐక్యరాజ్యసమితి సంస్థలూ బయటి సహాయ సంస్థలూ కలిసి 2007లో ఇలాంటి విపత్తుల్లో మనసుకి సాయం ఎలా అందించాలి అనేదాని మీద మార్గదర్శకాలు రాశాయి. నాలుగు అంతస్తులుగా పెట్టారు. అన్నిటికంటే కింద, అందరికీ కావాల్సింది భద్రత, తిండి, నీళ్లు, తలదాచుకోవడానికి చోటు, అదీ మనిషి పరువు పోకుండా అందాలి. దాని పైన కుటుంబం, ఇరుగుపొరుగు, బడి, ప్రార్థన చేసుకునే చోటు, విడిపోయినవాళ్లని వెతికి కలపడం. ఆ పైన ట్రైనింగ్ తీసుకున్న మామూలు కార్యకర్తలు ఇచ్చే సాయం. సైకియాట్రిస్టు, సైకాలజిస్టు వచ్చేది అన్నిటికంటే పై అంతస్తులో, కొద్దిమందికే. ఇల్లు వదిలి వచ్చినవాళ్లు ఉండే క్యాంపులో మరుగుదొడ్డి దగ్గర లైటు లేకపోతే ఆడవాళ్లు రాత్రంతా ఉగ్గబట్టుకుని భయపడుతూ కూర్చుంటారు, అక్కడ ఒక లైటు వేసి లోపల గడియ పెట్టించడం కూడా మనసుకి సంబంధించిన పనే. ఇంజనీరుకి ఈ సంగతి తెలియాలి, రేషన్ పంచేవాళ్లకీ తెలియాలి.

అప్పుడే క్యాంపుకి చేరుకున్న మనిషితో ఎలా మాట్లాడాలి అనేదానికి కూడా 2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంకో రెండు సంస్థలతో కలిసి ఒక చిన్న గైడ్ ఇచ్చింది, సైకలాజికల్ ఫస్ట్ ఎయిడ్ అంటారు. దాని సారం మూడు మాటలు, చూడు, విను, కలుపు. ముందు చుట్టూ చూసి ఎవరికి అర్జెంటుగా సాయం కావాలో గమనించాలి, పక్కన కూర్చుని వాళ్లు చెప్పినంత వినాలి, వాళ్లకి కావాల్సిన వాటితో, వాళ్ల మనుషులతో కలపాలి. ఏం అనకూడదో కూడా అందులోనే ఉంది, "నువ్వు బతికావు, అదే అదృష్టం" అనకూడదు, "నీ బాధ నాకు తెలుసు" అనకూడదు, నిలబెట్టుకోలేని మాట ఇవ్వకూడదు, ఏం జరిగిందో చెప్పమని బలవంతం అసలే చేయకూడదు. మనం సాధారణంగా ఓదార్పు అనుకుని ముందు చేసేవే ఇవన్నీ. జరిగిందంతా ఒక్కసారి కక్కించేస్తే మనసు తేలికపడుతుందని చాలామంది నమ్ముతారు గానీ, ఘటన జరిగిన వెంటనే ఒక్క సిటింగులో అంతా చెప్పించే పద్ధతి వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థే చెప్పింది.

ఇక మూడో అంతస్తు పని జరుగుతుందా అంటే జరిగింది. పాకిస్తాన్‌లో పెషావర్ దగ్గర డాక్టర్లు కాని హెల్త్ వర్కర్లకి ట్రైనింగ్ ఇచ్చి వారానికొకటి చొప్పున ఐదు సెషన్లు చేయించారు, ఊపిరి నెమ్మదిగా తీసుకోవడం, సమస్యని చిన్న ముక్కలు చేసుకుని చూడడం, ఆపేసిన పనులు మళ్లీ కొద్దికొద్దిగా మొదలుపెట్టడం, అయినవాళ్లతో బంధం గట్టి చేసుకోవడం ఇలాంటివి, మూడు నెలల తర్వాత చూస్తే యాంగ్జైటీ, డిప్రెషన్ తగ్గాయి. ఉగాండాలో దక్షిణ సూడాన్ నుంచి వచ్చిన శరణార్థి ఆడవాళ్లకి ఇంకా సులువుగా, రికార్డు చేసిన ఆడియో, బొమ్మల పుస్తకం పెట్టుకుని గ్రూపులుగా చేశారు, అక్కడా బాధ తగ్గింది. ఖర్చు తక్కువ, భాష వాళ్లదే. కాకపోతే నేర్పించి వదిలేస్తే కుదరదు, ఆ కార్యకర్తలకి పైనుంచి సలహా చెప్పే సూపర్‌వైజర్ ఉండాలి, ఎందుకంటే చాలాసార్లు వాళ్లు కూడా అదే యుద్ధంలో ఇల్లు పోగొట్టుకున్నవాళ్లే.

అలాగని డాక్టర్లు అక్కర్లేదని అనడం లేదు. యుద్ధానికి ముందు నుంచే స్కిజోఫ్రీనియా, మూర్ఛ ఉన్నవాళ్లని అందరూ మర్చిపోతారు. రోడ్లు తెగిపోయి మందులు ఆగిపోతాయి, ఇంట్లోవాళ్లు పారిపోతూ వెంట తీసుకెళ్లలేకపోతారు, మానసిక ఆసుపత్రుల్లో ఉన్నవాళ్ల దగ్గర స్టాఫ్ కూడా మిగలరు. వీళ్లకి కచ్చితంగా మందులు, డాక్టరు కావాలి, అదీ వెంటనే.

అందరికంటే నన్ను ఎక్కువ కలచివేసేది కనబడకుండా పోయినవాళ్ల కుటుంబాలు. భర్త ఉన్నాడో లేడో తెలియదు, కర్మ చేయాలంటే తానే చంపేసినట్టు అనిపిస్తుంది, చేయకపోతే చుట్టుపక్కలవాళ్లు ఇంకెన్నాళ్లు అంటారు, బ్యాంకులో అతని పేరు మీద ఉన్న డబ్బు తీయడానికి డెత్ సర్టిఫికెట్ అడుగుతారు. ఆమెకి మాత్రలు ఇస్తే ఏం లాభం చెప్పండి? వెతికి జవాబు చెప్పేవాళ్లు కావాలి, ఆలోగా తనలాంటి ఇంకో నలుగురు ఆడవాళ్లతో కూర్చునే చోటు కావాలి, చనిపోయాడని ఒప్పుకోమనకుండానే పెన్షన్ ఇచ్చే చట్టం కావాలి. రెడ్‌క్రాస్‌వాళ్లు ఈ కుటుంబాలతో ఎన్నో దేశాల్లో ఇలా పని చేస్తున్నారు.

ఇంకో మాట, యుద్ధం చూసిన ప్రతివాళ్లనీ ట్రామా పేషెంటు, అంటే మనసు దెబ్బతిన్న రోగి అనేయకండి. ఏడుపు, భయం, కోపం సహజం, కాస్త భద్రత, అయినవాళ్ల తోడు దొరికితే ఎక్కువమంది మెల్లగా నిలదొక్కుకుంటారు.

మీకు నా విన్నపం ఏంటంటే, పిల్లల మొహాలు గుర్తుపట్టేలా ఫొటోలు వేయకండి, వాళ్ల ముందు మైకు పెట్టి అమ్మ ఎలా చనిపోయిందో చెప్పమని అడగొద్దని మీ రిపోర్టర్లకి చెప్పండి. యుద్ధం ఆగిన ఆరు నెలలకో ఏడాదికో మళ్లీ అక్కడి గురించి ఒక పేజీ ఇవ్వండి, బళ్లు తెరిచారా, కార్యకర్తలకి జీతాలు అందుతున్నాయా, మందులు వస్తున్నాయా రాయండి. నిధులు తగ్గాయంటే ముందు కోత పడేది ఈ పనులకే, ఎవరూ రాయకపోతే ఆగిపోయిన సంగతి కూడా బయటికి తెలియదు.

ఇట్లు,
మీ పాఠకురాలు