చూసింది సమాధి రాయినా, వెబ్ పేజీనా?

సంపాదకుల వారికి,

మీ ఆదివారం సంచికలో పాఠకులు రాసి పంపే కుటుంబ చరిత్రలను నేను వరుసగా చదువుతున్నాను. తాతముత్తాతల జనన మరణ తేదీలకు ఆధారంగా ఈ మధ్య చాలామంది ఆన్‌లైన్ సమాధుల రికార్డులను చూపుతున్నారు. చూపడంలో తప్పు లేదు. ఎన్నటికీ వెళ్లలేని శ్మశానవాటికలను ఇంట్లో కూర్చుని వెతకగలగడం చిన్న సౌకర్యమేమీ కాదు. నా అభ్యంతరమల్లా వ్యాసం చివర వెబ్‌సైటు పేరొక్కటి వేసి ఊరుకోవడం మీదే. రచయిత చూసింది రాయినా, రాతి ఫోటోనా, ఎవరో టైపు చేసిన నాలుగు పంక్తులనా అన్నది ఆ పేరును బట్టి తెలియదు.

ఫైండ్ ఎ గ్రేవ్‌నే తీసుకుందాం. ప్రసిద్ధుల సమాధులంటే ఆసక్తి ఉన్న జిమ్ టిప్టన్ 1995లో మొదలుపెట్టిన ఈ సైటు 2013లో వంశచరిత్రల రికార్డులు అందించే యాన్సెస్ట్రీ సంస్థ చేతికి వచ్చింది. సభ్యుడిగా చేరిన ఎవరైనా ఇందులో ఒక మృతుడి పేరిట పేజీ తెరవవచ్చు. అందుకు ఆ శ్మశానంలో అడుగుపెట్టి ఉండనక్కరలేదు, రాతి ఫోటో పెట్టి తీరాలన్న నిబంధనా లేదు. పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు, పిల్లల పేజీలకు లంకెలు, ఇవన్నీ సభ్యులు తమకు దొరికిన చోటి నుంచి తెచ్చి పెట్టినవి. అది పత్రికలో వచ్చిన మరణవార్త కావచ్చు, మరొకరి వంశవృక్షం కావచ్చు, ఇంట్లో పెద్దలు చెప్పగా విన్న మాట కావచ్చు. 2011లో వచ్చిన బిలియన్ గ్రేవ్స్ పద్ధతి వేరు: అక్కడ ప్రధానంగా ఫోన్‌తో తీసిన రాతి ఫోటో ఆ చోటి జీపీఎస్ వివరాలతో సహా చేరుతుంది, దాన్ని చూసి అక్షరాలు ఎక్కించేది వేరొకరైనా కావచ్చు. 1917లో ఏర్పడిన కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం సంగతి మరొకటి. రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన కామన్వెల్త్ దేశాల వారు దాదాపు 17 లక్షల మంది వివరాలను అది తన సొంత దస్తావేజుల నుంచే ఇస్తుంది. అక్కడైనా పేరు కనబడినంత మాత్రాన సమాధి ఉన్నట్టు కాదు. బెల్జియంలోని ఈప్ర్ పట్టణంలో మెనిన్ గేట్ అనే స్మారక ద్వారం మీద చెక్కిన 54 వేలకు పైగా పేర్లు సమాధి ఎక్కడో తెలియని సైనికులవి కాబట్టి, ఆ జాబితా చూసి ‘ఈప్ర్‌లో ఖననం చేశారు’ అని రాస్తే అది లేని సంగతిని పుట్టించడమే.

ఇంత పట్టుదలగా రాయడానికి నా సొంత పొరపాటే కారణం. మా ముత్తాతగారి అన్నగారు 1917లో పోయారని ఒక సైటులో చూసి, సైటు పేరు మాత్రం కింద వేసి, మా కుటుంబ పుస్తకంలో అచ్చు వేయించాను. పేజీలో ఫోటో ఉంది గాని నేను దాన్ని పెద్దది చేసి చూడలేదు. నడి మధ్యాహ్నం తీసిన ఆ ఫోటోలో రాయి అంతా ఒకే తెలుపుగా ఉండి చివరి అంకె 7 లాగే కనిపిస్తుంది. కొన్నేళ్ల తరువాత మా బంధువు ఒకరు సాయంత్రపు ఏటవాలు ఎండలో తీసి పంపిన ఫోటోలో ఉలి గాట్లలో నీడలు పడి, 7 పైగీత అనుకున్నది రాతికి పట్టిన పాచి చార అని, అంకె నిజానికి 1 అని తేలింది. శ్మశానం ఆఫీసులోని ఖననాల రిజిస్టరులోనూ 1911 అనే ఉంది. ఈలోగా నా పుస్తకం చూసి మరో ఇద్దరు తమ వంశవృక్షాల్లో 1917 అని ఎక్కించుకున్నారు. పది చోట్ల కనిపించే తేదీకి పదిమంది సాక్షులున్నారని అనుకుంటాం. వెనక్కి వెతుక్కుంటూ పోతే చాలాసార్లు ఉండేది ఒక్కరే, ఆ ఒక్కరూ పాచిని చదివిన వారే కావచ్చు.

రాతిని సరిగా చదివినా అది చెప్పే మాటలన్నింటికీ ఒకే బరువు ఉండదు. మరణించిన తేదీ దగ్గరుండి సాగనంపిన వారు చెప్పి చెక్కించినది కావచ్చు గాని, జనన తేదీ డెబ్భై ఎనభై ఏళ్ల తరువాత ఎవరి జ్ఞాపకం నుంచో వచ్చినది. రాయే దశాబ్దాల తరువాత వేయించినదైతే మరణ తేదీ కూడా అంతే. ‘1871 మే 10న మరణించారు, వయసు 63 సంవత్సరాల 4 నెలల 12 రోజులు’ అని రాతి మీద ఉంటే, లెక్క కట్టి 1807 డిసెంబర్ 29 అన్న జనన తేదీని పేజీలో వేసేవారున్నారు. లెక్క సరైనదే, కానీ ఆ తేదీ రాతి మీద లేదు. ‘63వ ఏట’ అని ఉన్నదాన్ని 63 నిండినట్టు తీసుకుంటే ఏడాది తేడా వస్తుంది. ఇంగ్లండులో 1752కు ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది కాబట్టి, అంతకు మునుపటి రాతి మీద ఫిబ్రవరి 1720 అని ఉంటే నేటి లెక్కలో అది 1721 కావచ్చు. భర్త సమాధి మీదే భార్య పేరు, పుట్టిన సంవత్సరం చెక్కించి, చిన్న గీత గీసి, ఆ పక్కన ఖాళీ వదిలిన రాళ్లూ ఉంటాయి. ఆమెను ఆ తరువాత ఎక్కడ ఖననం చేశారో ఆ ఖాళీ చెప్పదు.

ఇవన్నీ పాఠకుడికి తెలియాలంటే పెద్ద వ్యాసమేమీ అక్కరలేదు, పాదసూచికలో రెండు వాక్యాలు చాలు. ‘ఫలానా సైటు, ఫలానా వారి స్మారక పేజీ, నంబరు ఇది, చూసిన తేదీ ఇది. రాతి ఫోటోలో మరణ సంవత్సరం మాత్రమే ఉంది. నెల, తేదీ పేజీలో ఆధారం చూపకుండా చేర్చినవి. రాతిని స్వయంగా చూడలేదు.’ చూసిన తేదీ వేయమనడం చాదస్తం కాదు: ఈ పేజీలను ఎప్పుడైనా దిద్దవచ్చు, ఒకే వ్యక్తికి రెండు పేజీలుంటే కలిపేయవచ్చు, నిర్వహించే సభ్యుడు మారవచ్చు. ఆనాడు కనబడినదాన్ని ఒక నకలు దాచుకుంటే మరీ మంచిది. ఫోటో తీసిన వారి పేరూ రాయాలి, ఎందుకంటే హక్కు సాధారణంగా తీసినవారిదే. పత్రికలో అచ్చు వేసేటప్పుడు వారి అనుమతి అడగవలసి ఉంటుంది.

స్థలాభావం వల్ల పాదసూచికలను కుదించవలసి వచ్చినప్పుడు, వెబ్‌సైటు పేరు పోయినా ‘రాతిని చూశాను’, ‘ఫోటో మాత్రమే చూశాను’ అన్న ముక్కను మాత్రం ఉంచవలసిందిగా మీ ఉపసంపాదకులను కోరుతున్నాను. మా కుటుంబ పుస్తకంలో మిగిలిన ప్రతులన్నింటిలోనూ 1917ను పెన్నుతో కొట్టి 1911 అని దిద్దాను. పంచిపెట్టినవి ఎవరెవరి దగ్గర ఉన్నాయో ఇంకా వాకబు చేస్తున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు