ప్యాకేజీ సరే, గని మాటేమిటి?

సంపాదకులకు నమస్కారం.

విశాఖ ఉక్కు గట్టెక్కిందని నాయకులు సభల్లో చెబుతున్నారు. 2025 జనవరి 17న కేంద్రం రూ.11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించినప్పుడు నేనూ సంతోషించాను. అందులో రూ.1,140 కోట్లు అంతకుముందు ఇచ్చిన అప్పునే వాటాగా మార్చిన లెక్క. కొత్త డబ్బు రూ.10,300 కోట్లు. అదీ తక్కువేం కాదు. కానీ ప్లాంటు జబ్బు డబ్బు ఒక్కటే కాదు.

నేను కొత్తవలస వాణ్ణి. ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిల్లా గనుల నుంచి ఇనుప ఖనిజం మోసుకొచ్చే గూడ్సు బళ్లు మా ఊరి మీదుగానే విశాఖ వెళతాయి. ఈ కేకే (కొత్తవలస-కిరండూల్) రైలు లైను వేసిందే అందుకు. ఆ ఖనిజం విశాఖ రేవులో ఓడెక్కి జపాన్‌కి పోయేది. పక్కనే ఉన్న ఉక్కు ప్లాంటు మాత్రం ప్రతి టన్నూ కొనుక్కోవాలి. ప్రభుత్వ ఉక్కు సంస్థ సెయిల్‌కి, టాటాలకి సొంత ఇనుప గనులున్నాయి. 32 మంది ప్రాణాలిచ్చి తెచ్చుకున్న ప్లాంటుకి లేవు.

టన్ను ఇనుము తీయడానికి టన్నున్నర పైనే ఖనిజం కావాలి. ప్లాంటు సామర్థ్యం ఏడాదికి 73 లక్షల టన్నులు. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అనే మూడు ఫర్నేసులూ నిండుగా మండితే కోటి టన్నులకు పైగా ఖనిజం బయట కొనాల్సిందే. ఉక్కు ధర బాగున్నప్పుడు ఈ లోటు ఎవరికీ కనిపించదు. ధర పడిపోయిందా, మొదట మునిగేది సొంత గని లేనివాడే.

నిజానికి ఈ ప్లాంటు గట్టెక్కడం ఇది మొదటిసారి కాదు. 1990లలో నష్టాల్లో కూరుకుపోయి ఖాయిలా పరిశ్రమల బోర్డు బీఐఎఫ్ఆర్ దాకా వెళ్లింది. 2002-03 నుంచి లాభాలు చూసింది. 2010లో, బాగా నడిచే ప్రభుత్వ సంస్థలకిచ్చే నవరత్న హోదా కూడా వచ్చింది. కార్మికుల కష్టానికి ప్రపంచ మార్కెట్ కలిసొచ్చింది. గని ఇప్పించాల్సింది ఆ మంచి రోజుల్లోనే. ఇప్పించలేదు. చివరికి 2021 జనవరిలో నూటికి నూరు శాతం అమ్మేస్తామన్నారు.

గనులన్నీ వేలంలోనే ఇవ్వాలని చట్టం వచ్చింది, ఏం చేస్తామని కొందరంటారు. ప్రభుత్వ సంస్థలకు గనులు విడిగా కేటాయించే వీలు అదే గనుల చట్టం 17ఏ సెక్షన్‌లో ఉంది. పైగా బైలదిల్లాలో తవ్వే ప్రభుత్వ గనుల సంస్థ ఎన్ఎండీసీ, ఈ ప్లాంటు రెండూ ఒకే ఉక్కు మంత్రిత్వ శాఖ కిందివి. ఒక ఇంట్లో ఒక గదిలోని బియ్యం ఇంకో గదికి చేరడానికి ఇన్నేళ్లా?

మన ఎంపీలు వచ్చే సమావేశాల్లో ప్యాకేజీకి థాంక్స్ చెప్పడంతో ఆగకుండా, ఏ గని ఇస్తారో, ఎప్పటికి ఇస్తారో తేదీతో సహా మంత్రి చేత సభలో చెప్పించాలి. 2021 నాటి అమ్మకం నిర్ణయం రద్దయిందని కాగితం మీద రాయించుకోవాలి.

- ఒక పాఠకుడు, కొత్తవలస