రుగ్మత పేరు చెబితే చేసిన తప్పు మాసిపోతుందా?

సంపాదకుడు గారికి,

గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన ప్రధాన కథనం చదివిన రోజే ఈ ఉత్తరం రాయవలసింది. కోపం చల్లారాక రాస్తే మర్యాదగా ఉంటుందని ఆగాను. చల్లారలేదు. ఏళ్ల తరబడి భార్యాపిల్లలను హడలెత్తించిన ఆ పెద్దమనిషికి వ్యక్తిత్వ రుగ్మత ఉందని డాక్టర్లు తేల్చారని ఒక్క వాక్యం రాసి, అక్కడి నుంచి అసలు బాధితుడు ఆయనేనన్నట్టు కథనం నడిపించారు. భార్య ఏమన్నదో ఒక్క ముక్క లేదు, పిల్లల ఊసే లేదు.

వ్యక్తిత్వ రుగ్మతలు కట్టుకథలని నేననడం లేదు. పుట్టుకతో వచ్చిన స్వభావం కొంత, బాల్యంలో తిన్న దెబ్బలు కొంత కలిసి, యౌవనం నాటికే మనిషి ఆలోచనలో, ఉద్వేగాల్లో, తోటివారితో మెలిగే తీరులో పాతుకుపోయే ధోరణులవి. అమెరికా సైకియాట్రీ సంఘం 2013లో ప్రచురించిన వర్గీకరణ గ్రంథంలో ఇలాంటివి పది ఉన్నాయి. అయితే నిగ్రహం తగ్గడం ఒక రుగ్మత లక్షణమే అయినప్పటికీ, ఆ రుగ్మత ఉందన్నంత మాత్రాన ఫలానా మనిషి ఫలానా సమయంలో తనను తాను అదుపు చేసుకోలేకపోయాడని రుజువైనట్టు కాదని ఆ గ్రంథమే కోర్టులను హెచ్చరించింది. మీ విలేకరి అంతవరకు చదివినట్టు లేదు.

న్యాయశాస్త్రం కూడా ఈ విషయంలో కొత్తగా కళ్లు తెరవనక్కర్లేదు. ఇంగ్లండులో 1843 నాటి మెక్‌నాటన్ కేసు నుంచీ మతిస్థిమితం లేదనే వాదన నిలబడాలంటే, మానసిక వ్యాధి వల్ల ఆ మనిషికి తానేం చేస్తున్నాడో తెలియకుండా అయినా ఉండాలి, చేస్తున్నది తప్పని తెలియకుండా అయినా ఉండాలి. 1962లో అమెరికా న్యాయ సంస్థ రూపొందించిన నమూనా శిక్షాస్మృతి ఇంకొంచెం ముందుకు వెళ్లి, పదేపదే నేరాలు చేయడం తప్ప మరో లక్షణం కనిపించని వైపరీత్యాన్ని మానసిక వ్యాధి కింద లెక్కించవద్దంది. అలా లెక్కిస్తే ఏమవుతుందో మీ కథనమే చక్కగా చూపించింది: ఎందుకు కొడతాడంటే రుగ్మత ఉంది కాబట్టి, రుగ్మత ఉందని ఎలా తెలిసిందంటే కొడతాడు కాబట్టి!

ఇలాంటి మనిషితో ఒకే ఇంట్లో బతికినవారిని అడిగి చూడండి. గిన్నెలు విసిరేస్తూ, గొంతు చించుకుని అరుస్తున్న మనిషి, పైఅధికారి నుంచి ఫోన్ రాగానే "చెప్పండి సార్" అని తేనెలొలికే గొంతుతో మాట్లాడి, ఫోన్ పెట్టేసి, సరిగ్గా ఆపిన చోటి నుంచే మళ్లీ అందుకుంటాడు. అదుపు తప్పడం నిజమే కావచ్చు, కానీ అది ఎవరి ముందు తప్పాలో కూడా ఆయనకు తెలుసన్నమాట.

ఇదే రుగ్మతలున్నా ఎవరి జోలికీ పోనివారు ఎంతోమంది. ఉద్వేగాలు ఉన్నట్టుండి తీవ్రంగా ఎగసిపడే బోర్డర్‌లైన్ అనే వ్యక్తిత్వ రుగ్మత ఉన్నవారిలో చాలామంది గాయపరచుకునేది తమనే. వారందరినీ "అదుపు లేని మనుషులు" అనే గాటన కట్టేసి, సానుభూతి చూపామనుకోవడం మీ పత్రికకే చెల్లింది. ఆ రుగ్మతకు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త మార్షా లైన్‌హాన్ రూపొందించిన చికిత్సలో ఒక మూల సూత్రం ఉంది: రోగి తన సమస్యలన్నింటికీ తానే కారణం కాకపోవచ్చు, అయినా వాటిని పరిష్కరించుకోవలసింది తానే. మనిషి మారగలడన్న నమ్మకం లేకపోతే ఆ చికిత్స మొదలే కాదు. "పాపం, ఆయన చేతుల్లో లేదు" అనే మాట ఆ నమ్మకానికే గండి కొడుతుంది.

ఒక్క మీ పత్రికననడం కూడా అన్యాయమే. ముఖం చూడని మనిషికి టీవీ స్టూడియోలో కూర్చుని జబ్బు పేరు పెట్టే నిపుణులున్నారు. స్వయంగా పరీక్షించని ప్రముఖుల గురించి అభిప్రాయం చెప్పరాదని అమెరికా సైకియాట్రీ సంఘం 1973లోనే నియమం పెట్టుకున్న సంగతి వీరి చెవిన పడినట్టు లేదు. ఫిర్యాదు పట్టుకుని వచ్చిన ఇల్లాలికి "ఆయనకు బాగోలేదటగా, మీరే సర్దుకుపోవాలి" అని సెలవిచ్చే అధికారులకైతే కొదవే లేదు. ఆ సర్దుబాటు పాఠం ఆయనకు చెప్పడానికి మాత్రం వారికి తీరిక దొరకదు.

ఈ కథనానికి రెండో భాగం ఉందని ప్రకటించారు కనుక ఒక మనవి. ఆయన చికిత్సకు ఒప్పుకున్నారా, ఒప్పుకుంటే మధ్యలో మానేయకుండా వెళుతున్నారా, భార్యాపిల్లలకు జరిగినదానికి ఆయన చెప్పే సమాధానమేమిటి అన్నవి ఆయననే అడిగి రాయండి. ఆ భార్యాపిల్లలు మాట్లాడదలిస్తే, ముందు వారి మాట వేయండి.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు