జదార్ లోయ రైతులు యూరప్‌కు శత్రువులు కారు: యూరోపియన్ యూనియన్ కమిషనర్‌కు బహిరంగ లేఖ

మార్టా కోస్ గారికి,
విస్తరణ వ్యవహారాల కమిషనర్, యూరోపియన్ యూనియన్

నమస్కారం. నేను జర్మనీలో ఉద్యోగం చేసుకుంటున్న తెలుగువాణ్ణి. ఇక్కడి ఎలక్ట్రిక్ కార్ల బ్యాటరీలకు కావలసిన లిథియం కోసమే సెర్బియాలోని జదార్ లోయను తవ్వాలని చూశారు. అందుకే ఇది నాకు సంబంధం లేని విషయం అని ఊరుకోలేకపోయాను.

సెర్బియా ప్రజలకు యూరోపియన్ యూనియన్ మీద మోజు ఎందుకు తగ్గిందని అడిగితే రష్యా ప్రచారం, సెర్బియా నుంచి విడిపోయిన కొసోవో వివాదం, 1999లో నాటో జరిపిన బాంబు దాడులు అని చెబుతారు. నిజమే. కానీ జదార్ ప్రాంతంలోని లొజ్నిత్సా పట్టణం చుట్టుపక్కల ఊళ్లలో ఇంకో కారణం ఉంది.

2014 మే వరదల్లో అక్కడి స్టోలిత్సే దగ్గర ఎప్పుడో మూతపడ్డ ఆంటిమొనీ అనే లోహపు గని వ్యర్థాల కట్ట తెగింది. ఆ విషపు బురద కొరెనీటా నదిలోకి, పొలాల్లోకి పారింది. కొరెనీటా వెళ్లి కలిసేది జదార్ నదిలోనే. ఆ తర్వాత అదే లోయలో ఏటా 58,000 టన్నుల లిథియం కార్బొనేట్ తీస్తాం, ఖనిజాన్ని సల్ఫ్యూరిక్ యాసిడ్‌తో శుద్ధి చేసినా మీ నీళ్లకు ఏమీ కాదు అని రియో టింటో అనే గనుల కంపెనీ అంటే ఆ రైతులు ఎలా నమ్ముతారు? వాళ్ల భయం ఎవరో ఎక్కించింది కాదు. కళ్లారా చూశారు.

2021 చివర్లో జనం రోడ్లు దిగ్బంధిస్తే, 2022 జనవరిలో ప్రభుత్వం ప్రాజెక్టును రద్దు చేసింది. ఆ రద్దు చెల్లదని 2024 జూలై 11న రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. సరిగ్గా ఎనిమిది రోజులకు అప్పటి జర్మనీ చాన్సలర్ షోల్జ్, అప్పటి మీ కమిషన్ ఉపాధ్యక్షుడు షెఫ్చోవిచ్ సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్‌లో వాలారు. సెర్బియా అధ్యక్షుడు వుచిచ్ పక్కన ఉండగా ముడి ఖనిజాల ఒప్పందం కుదిరిపోయింది. పత్రికా స్వేచ్ఛ, ఎన్నికల అక్రమాల గురించి ఏళ్ల తరబడి నెమ్మదిగా మాట్లాడిన యూరప్, లిథియం అనేసరికి పరుగెత్తుకొచ్చిందని అక్కడివాళ్లు అనుకుంటే తప్పు పట్టగలమా?

అదే ఏడాది నవంబర్ 1న సెర్బియాలోని నోవీ సాద్ నగరంలో రైల్వే స్టేషన్ ముందు కప్పు కూలింది. చివరికి 16 మంది చనిపోయారు. ఆ మరణాలకు బాధ్యులను తేల్చాలంటూ నెలల తరబడి సాగిన విద్యార్థుల ఉద్యమంలో యూరప్ జెండాలు దాదాపు కనిపించలేదు. అదే కాలంలో యూరప్‌కు అనుకూలంగా నిరసనలు జరిగిన జార్జియా దేశ రాజధాని తిబిలిసీ వీధుల్లో ఎటు చూసినా అవే జెండాలు. అయినా సెర్బియా విద్యార్థులు మిమ్మల్ని వదులుకోలేదండీ. 2025 ఏప్రిల్‌లో వెయ్యి కిలోమీటర్లకు పైగా సైకిళ్లు తొక్కి యూరప్ పార్లమెంటు ఉన్న స్ట్రాస్‌బర్గ్ వచ్చారు. మే నెలలో ఒకరి తర్వాత ఒకరు పరుగెత్తుతూ బ్రస్సెల్స్ చేరారు. చట్టం అందరికీ ఒకేలా ఉండాలనేదే వాళ్ల కోరిక. సెర్బియాకు సభ్యత్వం కావాలంటే మీరు పెట్టే షరతు కూడా అదే కదా.

ఆ మరుసటి నెలలోనే కమిషన్ జదార్‌ను యూరప్‌కు కీలకమైన ముడి ఖనిజాల వ్యూహాత్మక ప్రాజెక్టుల జాబితాలో చేర్చింది. నాకు చాలా బాధ కలిగించిన నిర్ణయం ఇది. ఆ జాబితా మీ శాఖ చూసేది కాదని తెలుసు. కానీ దాని వల్ల పోయే నమ్మకం మాత్రం మీ శాఖదే.

2025 నవంబర్‌లో కంపెనీయే ప్రాజెక్టును పక్కన పెట్టింది. ఈ విరామంలో మంత్రులెవరూ వెంట లేకుండా జదార్ లోయలోని గోర్న్యే నెదెల్యిత్సే ఊరికి వెళ్లి, అక్కడి రైతులతో మాట్లాడండి. జదార్‌ను ఆ జాబితా నుంచి తీసేయమని పరిశ్రమల వ్యవహారాలు చూసే మీ తోటి కమిషనర్ సెజుర్నేను అడగండి. సెర్బియా మీద రాసే వార్షిక నివేదికలో కోర్టులు, మీడియా, ఎన్నికల గురించి ఉన్నది ఉన్నట్టు రాయండి. భూమి కింద లిథియం లేని దేశం గురించి అయితే ఎలా రాస్తారో, అలాగే.

ఇట్లు,
జర్మనీ నుంచి ఒక తెలుగు పాఠకుడు