నెలలు నిండని కవలలకు పాలు: తల్లికి వార్డులో చోటివ్వండి

సంపాదకులకు నమస్కారం.

నెలలు నిండకుండా పుట్టిన కవలలు బరువు పెరగడం లేదన్న మాట వినగానే మన ఇళ్ళలో ముందు బయలుదేరేది డబ్బా పాల కోసం. ప్రభుత్వ నవజాత శిశు సంరక్షణ విభాగంలో చాలాకాలం స్టాఫ్ నర్సుగా పనిచేసి పదవీ విరమణ చేసినదాన్ని కాబట్టి, ఈ విషయంలో తల్లిదండ్రులకూ, ఆసుపత్రులు నడిపే పెద్దలకూ మీ పత్రిక ద్వారా కొన్ని సంగతులు విన్నవించుకుంటున్నాను. ఈ పిల్లలు బరువు పెరగడం డబ్బా మీద కన్నా, తల్లి వాళ్ళ పక్కన ఉండగలగడం మీదే ఎక్కువగా ఆధారపడి ఉంది. మన వార్డుల్లో మాత్రం బిడ్డను వెచ్చగా ఉంచే వార్మర్‌కు చోటుంది, మానిటర్‌కు చోటుంది, తల్లి కూర్చోవడానికి మాత్రం చోటు లేదు.

ఒక్క బిడ్డ కాన్పులతో పోలిస్తే కవలల కాన్పుల్లో ముందుగా నొప్పులు రావడం చాలా ఎక్కువ. కవలల్లో సగం మందికి పైగా 37 వారాలు పూర్తికాకుండానే పుడతారు. సంతాన సాఫల్య కేంద్రాలు చిన్న పట్టణాల దాకా వచ్చాక ఇటువంటి కాన్పులు ఎవరికీ వింతగా లేవు. బిడ్డ ఒంటికి కొవ్వు పట్టడం, ఇనుము, కాల్షియం నిల్వ కావడం ఎక్కువగా గర్భంలోని చివరి రెండు మూడు నెలల్లోనే జరుగుతాయి. చప్పరించడం, మింగడం, ఊపిరి తీయడం అనే మూడు పనులు ఒకదానితో ఒకటి కుదిరేది కూడా దాదాపు 34 వారాలకే. అంతకు ముందు పుట్టిన బిడ్డ ఆకలేసినా గట్టిగా ఏడవలేదు, రొమ్ము అందించినా రెండు గుటకలకే అలసి కళ్ళు మూసుకుంటుంది. అది చూసి "తల్లికి పాలు పడలేదు" అని తేల్చేయడం అన్యాయం.

ఎన్ని పాలు పట్టాలన్నది చూపుతో అంచనా వేసేది కాదు, లెక్క వేసి తేల్చేది. ఉదాహరణకు 32 వారాలకు పుట్టిన కవలల్లో ఒకరు 1,600 గ్రాములు, ఇంకొకరు 1,350 గ్రాములు ఉన్నారనుకుందాం. సాధారణంగా మొదటి రోజు కిలో బరువుకు 60 నుంచి 80 మిల్లీలీటర్లతో మొదలుపెట్టి, బిడ్డ తట్టుకునేదాన్ని బట్టి రోజూ కొంత పెంచుతూ, వారం పది రోజుల్లో కిలోకు 150 నుంచి 180 మిల్లీలీటర్ల దాకా తీసుకువెళతారు. కిలోకు 160 చొప్పున వేస్తే పెద్దబిడ్డకు రోజుకు 256 మిల్లీలీటర్లు, చిన్నబిడ్డకు 216 కావాలి. రెండు గంటలకోసారి పడితే విడతకు ఒకరికి సుమారు 21, రెండోవారికి 18. ఈ 18 మిల్లీలీటర్లు నాలుగు టీ చెంచాలకు కూడా సరిపోవు. గాజు తలుపు అవతల నిలబడి చూసే అమ్మమ్మకూ నాయనమ్మకూ "ఇంతేనా పట్టేది, బిడ్డ ఎండిపోదా" అనిపించడం సహజమే. కానీ కొలతకు మించి పోస్తే ఆ పాలు వాంతిగా వస్తాయి, ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదమూ ఉంది. కవలలు కదా అని ఇద్దరికీ ఒకే కొలత పట్టడం కూడా తప్పే. ఎవరి బరువు వారిది, ఎవరి లెక్క వారిది, ఇద్దరి పేర్లా రెండు పుస్తకాలు ఉండవలసిందే.

బరువు విషయంలో ఇంటివారిని ఎక్కువగా బెదరగొట్టేది మొదటి వారం. నెలలు నిండని బిడ్డ పుట్టినప్పటి బరువులో పదో వంతు, ఒక్కోసారి అంతకన్నా కొంచెం ఎక్కువే తగ్గుతుంది. 1,350 గ్రాముల బిడ్డ 1,215కు దిగినా అది వైద్యులు ఊహించినదే. పుట్టినప్పటి బరువుకు తిరిగి చేరడానికి పది నుంచి పద్నాలుగు రోజులు పడుతుంది. అక్కడినుంచి రోజుకు కిలోకు 15 నుంచి 20 గ్రాములు పెరగాలి, అంటే ఈ చిన్నబిడ్డకు రోజుకు 20 నుంచి 27 గ్రాములు. ఈ సంగతి చేరిన రోజునే తండ్రిని కూర్చోబెట్టి చెబితే, నాలుగో రోజున బిడ్డను ఇంకో ఆసుపత్రికి మార్చాలన్న తొందర చాలామందికి ఉండదు. చెప్పే తీరిక మాకు తక్కువ. ఒక్కో నర్సు ఎందరు పిల్లలను చూసుకోవలసి వస్తోందో పాలకులకు తెలియనిది కాదు.

ఇక పాలు పట్టే తీరు. 32 వారాల లోపు పిల్లలకు ముక్కు ద్వారా గాని నోటి ద్వారా గాని పొట్టలోకి వేసిన సన్నని గొట్టంతో, 32 నుంచి 34 వారాల మధ్యవారికి చెంచాతోనో ఉగ్గుగిన్నెతోనో పట్టి, ఆ తరువాత నేరుగా రొమ్ముకు అలవాటు చేస్తారు. గొట్టంతో పాలు పోతున్నప్పుడే, పాలు పిండేసిన రొమ్మును బిడ్డ నోటికి అందిస్తే చప్పరించడం త్వరగా వస్తుంది. పాలపీక సీసా మాత్రం దగ్గరికి రానివ్వకూడదు. ఆ పీకకు అలవాటుపడ్డ బిడ్డను మళ్ళీ తల్లి రొమ్ముకు మళ్ళించడం ఎంత కష్టమో వార్డులో పనిచేసిన ప్రతివారికీ తెలుసు. ఉగ్గుగిన్నెను వాడిన ప్రతిసారీ కడిగి, మరిగే నీళ్ళలో ఉంచి తీయాలి.

మన ఏర్పాట్లు దెబ్బతినేది తల్లిపాలు పిండే దగ్గర. రొమ్ము ఖాళీ అయినకొద్దీ పాలు ఊరుతాయి, ఖాళీ కాకపోతే తగ్గిపోతాయి. బిడ్డ చప్పరించలేని స్థితిలో ఉన్నప్పుడు ఆ పని చేత్తో గాని పంపుతో గాని తల్లే చేయాలి. అది కాన్పయిన తొలి గంటల్లోనే మొదలుకావాలి, రాత్రి సహా రోజుకు కనీసం ఎనిమిది సార్లు జరగాలి. మొదటి రెండు రోజులు వచ్చేవి చిక్కని ముర్రుపాల చుక్కలే అయినా అవి రెండు భాగాలుగా ఇద్దరు బిడ్డలకూ చేరాలి. ఇప్పుడు చాలాచోట్ల జరుగుతున్నది వేరు. సిజేరియన్ అయిన తల్లి పై అంతస్తులో కుట్ల నొప్పితో పడుకుని ఉంటుంది, బిడ్డలు కింది అంతస్తులోనో, వేరే ఊరి ఆసుపత్రిలోనో ఉంటారు. రెండు మూడు రోజులు ఆమె దగ్గరికి పాలు పిండించడానికి ఎవరూ రారు. నాలుగో రోజున రొమ్ములు గడ్డకట్టి, జ్వరం వచ్చి, ఆ తరువాత పాలు తగ్గిపోతే, నింద ఆమె మీద పడుతుంది. వేళకు మొదలుపెట్టి విడవకుండా పిండిన తల్లుల్లో చాలామందికి ఇద్దరికీ సరిపడా పాలు పడతాయి. బిడ్డను ఎదకు హత్తుకుని కూర్చున్నప్పుడు పాలు చేపినట్టు, ఎక్కడో గదిలో ఒంటరిగా కూర్చుని పిండితే చేపవు.

బిడ్డను ఒంటికి ఒళ్ళు తగిలేలా తల్లి ఎద మీద కట్టి ఉంచే కంగారూ పద్ధతి కొలంబియా రాజధాని బొగొటాలో 1970ల చివర ఇంక్యుబేటర్లు చాలక మొదలైంది. దాన్ని పేదల పద్ధతిగా కొట్టిపారేసే రోజులు పోయాయి. ఘనా, మలావి, నైజీరియా, టాంజానియాలతో పాటు మన దేశంలోనూ జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువున్న పిల్లలను పుట్టిన వెంటనే ఈ పద్ధతిలో ఉంచితే నెలలోపు మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ పద్ధతిని పుట్టిన వెంటనే మొదలుపెట్టి, రోజుకు 8 నుంచి 24 గంటలు కొనసాగించమంది. బరువుతో దీని సంబంధం సూటిగా ఉంది. చలి తగిలిన బిడ్డ తాగిన పాలను ఒళ్ళు వెచ్చబరచుకోవడానికే ఖర్చు పెడుతుంది, వెచ్చగా ఉన్న బిడ్డ అదే పాలతో కండ పెంచుకుంటుంది. కవలలైతే ఇద్దరినీ ఒకేసారి తల్లి ఎద మీద కట్టవచ్చు, లేదా ఒకరిని తండ్రో అమ్మమ్మో తీసుకోవచ్చు. తండ్రి చొక్కా విప్పి బిడ్డను ఎదకు హత్తుకుంటే అరిష్టమేమీ రాదు. చేతులు కడుక్కుని, శుభ్రమైన బట్ట కట్టుకుని రమ్మంటే చాలు. అయినా మన వార్డుల గుమ్మం దగ్గర తండ్రికి ఇంకా "బయట ఉండండి" అన్న మాటే ఎదురవుతోంది.

ఆ అధ్యయనం సాగాలంటే తల్లీబిడ్డలు ఒకేచోట ఉండక తప్పలేదు. తల్లి మంచం, బిడ్డ వార్మర్ పక్కపక్కన ఉండే విభాగాలు మన దేశంలో అక్కడక్కడా మొదలయ్యాయి. జిల్లా ఆసుపత్రుల్లో కొత్తగా కట్టే ప్రతి నవజాత శిశు విభాగాన్నీ ఆ నమూనాలోనే కట్టాలని నా మొదటి విన్నపం. అది అయ్యేలోగా, ఉన్న విభాగాల పక్కనే ఒక గది, పది మంచాలు, తలుపు గడియ పడే మూల ఒకటి, చేతి పంపులు నాలుగు, ఒక ఫ్రిజ్ ఏర్పాటు చేయడానికి పెద్ద బడ్జెట్ అక్కరలేదు.

తిండి సంగతి కూడా చెప్పాలి. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద తల్లికి ఉచిత భోజనం మామూలు కాన్పుకు 3 రోజులు, సిజేరియన్‌కు 7 రోజులు. 32 వారాల కవలల తల్లి వార్డు బయట ఉండవలసి వచ్చేది వారాల తరబడి. తెలంగాణలో ఆరోగ్య లక్ష్మి కింద అంగన్‌వాడీలో ఇచ్చే భోజనం, గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు గాని, ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీల ద్వారా అందే పోషకాహారం గాని ఆమెకు సొంత ఊళ్ళో ఉంటేనే దక్కుతాయి. ఇద్దరికి పాలివ్వవలసిన మనిషి వరండాలో కూర్చుని ఇడ్లీ పొట్లంతో రోజు గడుపుతోంది. బిడ్డలు ఇంటికి వెళ్ళేదాకా తల్లికి ఆసుపత్రిలోనే మూడు పూటలా భోజనం పెట్టేలా ఆ నిబంధన మార్చాలి. ఇంట్లో పెద్దలు కూడా పథ్యం పేరుతో బాలింతకు కారప్పొడి, వెల్లుల్లి అన్నంతో సరిపెట్టి, నీళ్ళు తాగితే బిడ్డకు జలుబు చేస్తుందని గొంతు తడవనీయకుండా ఉండటం మానాలి. పప్పు, గుడ్డు, ఆకుకూర, పెరుగు అన్నీ పెట్టవచ్చు.

డబ్బా పాలు ఎన్నడూ వాడకూడదని నేను అనను. తల్లి తీవ్రంగా జబ్బుపడినప్పుడు, ప్రయత్నించినా పాలు చాలనప్పుడు ముందు చూడవలసింది దానంగా వచ్చి శుద్ధి చేసిన తల్లిపాలు. ముంబయిలోని సయాన్ ఆసుపత్రిలో 1989లోనే పాలబ్యాంకు వెలిసింది, హైదరాబాదు నీలోఫర్‌లో 'ధాత్రి' ఉంది. అటువంటివి ప్రతి బోధనాసుపత్రిలోనూ ఉండాలి. అవి దొరకనప్పుడు నెలలు నిండని పిల్లల కోసమే తయారుచేసిన పొడిని వైద్యుడు రాసిన కొలతతో కలిపి పట్టవచ్చు. ప్రమాదం ఎక్కడంటే, ఇద్దరికి ఒక డబ్బా వారం కూడా రాకపోయేసరికి చెంచా తగ్గించి నీళ్ళు పెంచడంలో. పిల్లల పొట్ట నిండినట్టే ఉంటుంది, తూకం కదలదు. తల్లిపాలు తాగే పిల్లలతో పోలిస్తే పోతపాల పిల్లల్లో పేగులు వాచి కుళ్ళే జబ్బు ఎక్కువన్నది కూడా మరవకూడదు. పాలపొడి కంపెనీలు తల్లులకు ఉచిత నమూనాలివ్వడాన్ని, ప్రకటనలు చేయడాన్ని 1992 నాటి చట్టం నిషేధించింది. ఆ చట్టం ఉన్నట్టు మందుల దుకాణాల వారికి ఎవరైనా గుర్తు చేస్తే మంచిది. కిలోన్నర లోపు పిల్లలకు తల్లిపాలు ఒక్కటే చాలనప్పుడు అందులోనే కలిపే పోషకాల పొడి వేరే ఉంది. ఖరీదైన ఆ పొట్లాలను బయట కొనుక్కురమ్మనకుండా ఆసుపత్రే ఇవ్వాలి.

ఇంటికి వెళ్ళాక తేనె నాకించడం, వస అరగదీసి పోయడం, ఆముదం పట్టడం, సాంబ్రాణి పొగ వేయడం ఏవీ వద్దు. రెండు కిలోలు దాటి వైద్యులు సరేననేదాకా స్నానం బదులు గోరువెచ్చని తడిబట్టతో తుడిస్తే చాలు. విటమిన్ డి, ఇనుము చుక్కలు చెప్పిన రోజునుంచి మానకుండా వేయాలి. పొట్ట ఉబ్బినా, పచ్చగా కక్కినా, మలంలో రక్తం కనబడినా, పాలు తాగడం ఉన్నట్టుండి తగ్గినా ఆ పూటే ఆసుపత్రికి చేర్చాలి. తూకం వారానికోసారి, బట్టలు లేకుండా, ఒకే త్రాసు మీద వేయాలి. కిరాణా కొట్టులో దుప్పటితో సహా తూచి పావుకిలో పెరిగాడని సంతోషించడం నేను చూశాను. కాన్పు ఆసుపత్రిలో జరిగితే ఆశా కార్యకర్త 3వ రోజు నుంచి 42వ రోజు లోపు ఆరుసార్లు ఇంటికి రావాలి. కానీ నెల రోజులు వార్డులోనే గడిపి వచ్చిన కవలలకు ఆ తేదీల్లో చాలా భాగం అప్పటికే దాటిపోతుంది. వారు ఇంటికి చేరిన రోజునుంచి కొత్తగా లెక్క మొదలుపెట్టి, గ్రాముల్లో చూపే త్రాసుతో వారం వారం తూచే బాధ్యతను ఆశా కార్యకర్తకు, అందుకు తగిన పారితోషికంతో అప్పగించాలి.

చివరిగా ఒక విన్నపం. కవలల్లో పెద్దబిడ్డ బరువు ముందుగా పెరిగిందని ఆ ఒక్కరినే ఇంటికి పంపేసే అలవాటు చాలా వార్డుల్లో ఉంది. అప్పుడు తల్లి ఊళ్ళో ఒకరికి పాలిస్తూ, వార్డులో ఉన్న రెండోవారికి పాలు పంపలేక సతమతమవుతుంది. వెనకబడ్డ చిన్నబిడ్డకే తల్లిపాలు అందకుండా పోతాయి. బస్సులో పంపిన సీసాలోని పాలు ఎండకు విరిగిపోయిన సందర్భాలూ ఉన్నాయి. ఇద్దరూ ఇంటికి వెళ్ళగలిగేదాకా పెద్దబిడ్డనూ తల్లినీ కంగారూ గదిలో ఉంచుకునేలా, ఇంటికి పంపే నిబంధనల్లో కవలల కోసం ఒక్క వాక్యం చేర్చాలని రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలను కోరుతున్నాను.

ఇట్లు,
విశ్రాంత స్టాఫ్ నర్సు,
తూర్పు గోదావరి జిల్లా